సంగమ్మను నేను మెచ్చుకున్నాను

జహీరాబాద్ నుంచి తిరిగొచ్చి నెల దాటింది. ఎలా ఉందని అడిగిన వాళ్ళందరికీ జొన్నరొట్టెల గురించి చెప్పాను. కోహీర్ జామకాయల గురించి చెప్పాను. అక్కడి ఎర్రమట్టి నా తెల్లచీర అంచుకు పట్టుకుని మూడు ఉతుకులకైనా వదల్లేదని చెప్పి నవ్వించాను. అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది చెప్పాలంటే నన్ను నేను తిట్టుకోవాలి. అందుకు ఇన్నాళ్ళు పట్టింది.

మాది తెనాలి. ఇరవయ్యేడేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి కిందటేడు మానేశాను. బడి మానేసినా పంతులమ్మ జబ్బు మానలేదు. ఎదుటివాళ్ళు తప్పు చెబితే అది దిద్దేదాకా నాకు అన్నం సయించదు. మా ఇంట్లో వాళ్ళకిది తెలుసు కాబట్టి నా ముందు ఆచితూచి మాట్లాడతారు. జహీరాబాద్ వాళ్ళకి తెలియదు.

బస్సులో

హైదరాబాదులో బొంబాయి రోడ్డు మీద బస్సెక్కాను. కండక్టరమ్మ ఆధార్ అడిగింది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఆంధ్రది గదమ్మా, పైసలియ్యాలె" అంది. బస్సులో ఆడవాళ్ళందరి చేతుల్లోనూ జీరో టికెట్లు, నా ఒక్కదాని చేతిలో కొన్న టికెట్టు. పక్క సీటావిడకి నా మీద జాలేసి తన సంచిలోంచి పుట్నాలు తీసి దోసిట్లో పోసింది.

ఆవిడ పటాన్‌చెరు నుంచి పుట్టింటికి పోతోంది. మా వైపు బస్సుల్లో ఆడవాళ్ళు పలకరించుకుంటే ముందు ఊరు, ఆ తర్వాత ఇంటిపేరు అడుగుతారు. ఈవిడ అవేమీ అడగలేదు. ఒక్కదాన్నే వచ్చానా అంది. అవునన్నాను. ఇంట్లో ఆయనకి చెప్పే వచ్చానా అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. యాభై మూడేళ్ళ మనిషిని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అన్నట్టు ముఖం పెట్టి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

సదాశివపేట దాటేసరికి చిరాకు తగ్గింది, నిజం గుర్తొచ్చింది. నేను మా ఆయనకి చెప్పలేదు. చెప్పించాను. ఒకరోజు భోజనాల దగ్గర మా మరిది, వదిన బడి మానేసిన దగ్గర్నుంచీ డీలా పడిపోయింది, నాలుగు రోజులు ఎక్కడికైనా పంపించరాదా అన్నయ్యా అన్నాడు. ఆ మాట అనమని పొద్దున ఫోన్‌లో చెప్పింది నేనే. మా ఆయన రెండు రోజులు ఆలోచించి, జహీరాబాద్‌లో సుజాత దగ్గరికి వెళ్ళి రాకూడదూ అని నాకే సలహా ఇచ్చారు. నేను కాసేపు బెట్టు చేసి ఒప్పుకున్నాను.

ఈ సంగతి ఆవిడకి చెప్పలేదు. పుట్నాలు మాత్రం తిన్నాను.

సుజాత ఇల్లు

సుజాత మా పిన్ని కూతురు. వాళ్ళాయన రవి ఊరి బయట ఒక కంపెనీలో ఇంజనీరు. వాళ్ళుండే కాలనీలో సగం మంది మన జిల్లాల వాళ్ళే. గోంగూర పచ్చడి గుంటూరు నుంచి కొరియర్‌లో తెప్పించుకుంటారు. కాలనీ గోడ దాటితే మడులకు మడులు గోంగూరే. కాకపోతే ఇక్కడి వాళ్ళు దాన్ని పుంటికూర అంటారు కాబట్టి అది వేరే ఏదో అని వీళ్ళ నమ్మకం.

సుజాత ఎంసీఏ చదివింది. పెళ్ళికి ముందు బెంగుళూరులో ఉద్యోగం చేసింది. నేను దిగిన సాయంత్రమే దాని కుక్కరు మూత రబ్బరు తెగింది. పద, కొత్తది కొనుక్కొద్దాం అన్నాను. ఒక్క మాట ఆయన్ని అడుగుతానక్కా అంది. రబ్బరుక్కూడానా అన్నాను. అబ్బే, ఏ షాపులో మంచివి దొరుకుతాయో ఆయనకి తెలుసు కదా అంది. రవి మీటింగులో ఉండి ఫోనెత్తలేదు. పప్పు గిన్నెలో ఉడికేసరికి గంటన్నర పట్టింది. అతను వచ్చి సంగతి విని, దీనిక్కూడా ఫోనెందుకు, కొనుక్కోవచ్చుగా అన్నాడు. మంచివాడు. ఆ మాటకొస్తే నేను చెప్పబోయేదాంట్లో చెడ్డవాడంటూ ఎవడూ లేడు. నాకు మింగుడు పడనిదే అది.

మర్నాడు శనివారం, ఝరాసంగం గుడికి వెళ్దాం రమ్మంటే కూడా అదే పాట. ఆయన్ని అడిగి చెప్తానంది. నేనొక్కదాన్నే బయల్దేరాను.

ఝరాసంగం ఆటో

శివుడికి మొగలిపువ్వు పనికిరాదని చిన్నప్పటి నుంచీ విన్నాను. ఝరాసంగంలో ఆ పువ్వుతోనే పూజ. ఇదెలా కుదిరింది అని పూజారిని నిలదీశాను. ఆయన తాపీగా, మీ దగ్గర మీ పద్ధతి, మా దగ్గర మా పద్ధతి అని ప్రసాదం చేతిలో పెట్టాడు. ఆ మాట అక్కడే బుర్రకెక్కించుకుని ఉంటే బాగుండేది.

తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్పై రూపాయలు, ఆరుగురు పట్టే దాంట్లో పదిమందిమి. డ్రైవరు పేరు నర్సింలు, యాభై ఏళ్ళుంటాయి. నా పక్కన ఇరుక్కుని కూర్చున్నావిడకి నలభై ఉంటాయేమో. రెండు వైపులా ముక్కుపుడకలు, చేతిలో గుడ్డసంచి. నేను రెండు మాటలు మాట్లాడగానే, "అక్కా, నువ్వు సినిమాలల్ల మాట్లాడినట్టే మాట్లాడుతున్నవ్" అని నవ్వింది. ఆవిడే సంగమ్మ.

ఫోటో దిగడానికి జహీరాబాద్ పోతోంది. హైవే మీద ఒక కంపెనీ క్యాంటీన్‌లో జొన్నరొట్టెలు చెయ్యడానికి ఆడవాళ్ళు కావాలట. కర్ణాటక వైపు నుంచీ మహారాష్ట్ర వైపు నుంచీ వచ్చి పనిచేసే వాళ్ళకి అన్నం ఆనదట, రొట్టె ఉండాల్సిందేనట. సోమవారం నుంచి రమ్మన్నారు. కార్డు మీద అంటించడానికి ఫోటో అడిగారు. ఇంట్లో ఏమన్నారని అడిగాను. "మా ఆయననే పొమ్మన్నడు" అంది. అని ఊరుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు నుంచి నర్సింలు, ఎట్ల పొమ్మన్నడో గూడ చెప్పు అన్నాడు. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు.

నర్సింలు ఆమెకి పెదనాన్న కొడుకు. దసరాలప్పుడు క్యాంటీన్ సంగతి సంగమ్మ చెవిన పడింది. తను పోతానని ఇంట్లో అంటే ఆ కథ అక్కడికే ముగుస్తుందని ఆమెకి తెలుసు. అందుకని నర్సింలుకి చెప్పింది. అతను ఒకరోజు ఆటోలో ఆమె భర్త విఠల్‌తో, కంపెనీలో రొట్టెలు చేసే మనుషులు దొరుకుత లేరట అన్నాడు. ఇంకో వారానికి, మాజీ సర్పంచు కోడలు గూడ అడిగిందట అన్నాడు. మూడోసారి, ఒక్క జాగనే మిగిలిందట అన్నాడు. ఆ సాయంత్రం విఠల్ ఇంటికొచ్చి, నువ్వు క్యాంటీన్ పనికి ఎందుకు పోవద్దు అని భార్యని అడిగాడు. నాతోటి గాదు, బర్రెను ఎవలు చూస్తరు అందట సంగమ్మ. రెండు రోజులు మొండికేసిందట. మూడో రోజు అతను కోపం చేసి, నేను చెప్పిన గద, పోవాలె అన్నాడట. జరంత ఏడ్చిన గూడ అంది. ఏడుపెందుకు అన్నాను. ఏడ్వకపోతే నమ్మడు గద అంది.

ఇది కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు. పెద్దకూతురికి పదహారేళ్ళు పెద్దవాడి సంబంధం వస్తే తప్పించింది ఇలాగే, మేనమామ నోటితో. ఉన్న రెండెకరాల్లో ఎకరం పత్తికి పోకుండా ఆపింది ఇలాగే, ఎరువుల దుకాణం సేటు నోటితో.

"నేనంటె అది ఆడిదాని మాటైతది అక్కా. బయటికెళ్లి తిరిగొస్తె లోకం మాటైతది. ఇరవై రెండేండ్ల సంది మా ఇంట్ల అన్ని ఆయన చెప్పినట్టే అయితున్నయ్."

నేను పగలబడి నవ్వాను. సుజాత కుక్కరు రబ్బరు గుర్తొచ్చింది. ఎంసీఏ కన్నా ఈవిడ నూరు రెట్లు నయం అనుకున్నాను. ఇంతా చేసి అక్కడా రొట్టెలే కదా చెయ్యడం అని అడిగాను. కొంచెం ఆలోచించి చెప్పింది. పొద్దున్నే తనొక్కతే బస్సెక్కి పోతుంది. సాయంత్రం తనొక్కతే వస్తుంది. ఊళ్ళో అందరూ విఠల్ పెండ్లాం అనే అంటారు, అక్కడ సంగమ్మ అని రాసుకుంటారు. ఇంట్లో ఇరవై రెండేళ్ళు చేసిన రొట్టెలకి ఎవరూ పేరు రాసుకోలేదు కదా అంది. ఆ మాట నవ్వుతూ అనలేదు.

దిగేముందు నా చెయ్యి పట్టుకుని, "ఊరుగాని ఊరు మనిషివని చెప్పిన, ఎవ్వరితోటి అనకు" అంది. నేనెవరికి చెప్తాను అన్నాను.

ఫోటో స్టూడియో

నాకూ వేరే పనిలేదు కనక ఆమె వెంట స్టూడియోకి వెళ్ళాను. బస్టాండు వెనక సందులో ఇరుకు గది. తెర ముందు కూర్చోబెడితే సంగమ్మ పక్కకి జరిగి, ఇంకొకరికి చోటు వదిలి కూర్చుంది. ఫోటోగ్రాఫరు మధ్యలోకి రమ్మని మూడుసార్లు చెప్పాడు. ఇప్పటిదాకా ఎప్పుడు ఫోటో దిగినా పక్కన భర్తో, ఒళ్ళో పిల్లో ఉన్నారట. ఒక్క ఆధార్ ఫోటోలోనే ఒంటరిగా ఉంది. "ఆధార్‌ల దొంగను వట్టుకొచ్చినట్టున్న. ఇందుల జర మనిషి లెక్కున్న" అని ఎనిమిది కాపీలూ ఒక్కొక్కటే చూసుకుంది. అన్నీ ఒకటేనని తెలిసీ చూసుకుంది.

తర్వాత ఇద్దరం హోటల్లో చాయ్ తాగాం. మా వైపు కాఫీలాగా కాదు, ఇక్కడి చాయ్ చిక్కగా, తియ్యగా, ఒక్క కప్పుతో ఆకలి చచ్చేలా ఉంటుంది. రేపు ఆదివారం మా ఇంటికి రావాలె, రొట్టె తినిపోవాలె అంది. ఆమె చూపుల్లో నేను చదువుకున్నదాన్ని, పెద్దదాన్ని, దూరం నుంచి వచ్చినదాన్ని. వస్తానన్నాను.

ఆదివారం మధ్యాహ్నం

ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదని కోహీర్ జామకాయలు కొన్నాను. కిలో ఎనభై అంటే బేరమాడి అరవైకి తెచ్చానని మురిసిపోయాను. ఆటోలో ఒకావిడ సంచిలోకి తొంగి చూసి, మాకు నలభైకే ఇస్తరు అని నా మురిపెం తీసేసింది. జామకాయలు మాత్రం నిజంగా బాగున్నాయి, గింజ పంటికి తగల్లేదు.

సంగమ్మ ఊరు ఝరాసంగం దాటాక మూడు కిలోమీటర్లు. రెండు గదుల ఇల్లు, ముందు వాకిలి, పక్కన బర్రె. విఠల్ ఎదురొచ్చి కాళ్ళకి నీళ్ళిచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెత్తగా మాట్లాడే మనిషి. తాగుడు లేదు, చెయ్యి చేసుకోవడం ఎన్నడూ లేదని నర్సింలు ముందే చెప్పాడు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి తను కింద కూర్చున్నాడు. పదో తరగతి చదువుతున్న చిన్నకూతురు మంచినీళ్ళు తెచ్చిచ్చి, పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

భోజనం గురించి చెప్పకపోతే అన్యాయం. పొయ్యి మీంచి దిగీ దిగని జొన్నరొట్టె, అనుముల కూర, పల్లీల తొక్కు, పచ్చి ఉల్లిగడ్డ. రొట్టె తుంచితే లోపలి నుంచి ఆవిరి వచ్చేది. మా వైపు అన్నంలోకి కూర అంటాం, అక్కడ కూర కోసమే రొట్టె ఉన్నట్టుంది. విఠల్, నేనూ తింటున్నాం, సంగమ్మ పొయ్యి ముందు రొట్టె తడుతోంది. ఆడవాళ్ళు ఆఖర్న తినడంలో మాత్రం వాళ్ళకీ మనకీ తేడా లేదు.

అప్పుడు విఠల్ క్యాంటీన్ ముచ్చట ఎత్తాడు. తనే పొమ్మన్నానన్నాడు. ఆమె భయపడుతుంటే ధైర్యం చెప్పానన్నాడు. నేను తలూపాను. రెండో రొట్టె దగ్గర మళ్ళీ అదే ఎత్తాడు. ఆడవాళ్ళకి బయటి సంగతులు తెలియవు, మనమే చెప్పుకోవాలి అన్నాడు. అప్పుడూ ఊరుకున్నాను, నాలుక మాత్రం దురద పెడుతోంది. మూడో రొట్టె దగ్గర, "నేను చెప్పకుంటె మా ఇంట్ల ఒక్క పని ముందుకు పోదు మేడం" అన్నాడు. పొయ్యి ముందు సంగమ్మ వంచిన తల ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇంత తెలివిగల మనిషి పొయ్యి దగ్గర, ఈ గొప్పలు చెప్పుకునే మనిషి పళ్ళెం ముందు. తప్పు సమాధానం మూడుసార్లు విని దిద్దకుండా కూర్చోవడం నా వల్ల కాలేదు.

"మీరు పొమ్మన్నారా, మీ చేత పొమ్మనిపించారా విఠల్ గారూ? నర్సింలు నోటితో మూడుసార్లు మీ చెవిన వేయించింది మీ ఆవిడే. మీ పెద్దమ్మాయి సంబంధం దగ్గర్నుంచీ అంతే. ఇలాంటి మనిషి దొరకడం మీ అదృష్టం."

నవ్వుతూనే అన్నాను. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. రొట్టె తట్టే చప్పుడు ఆగింది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. విఠల్ కూడా నవ్వాడు. "అట్లనా" అన్నాడు. మేడమ్‌కి ఇంకో రొట్టె వెయ్యమని సంగమ్మకి చెప్పాడు. తన పళ్ళెంలో సగం రొట్టె ఉండగానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. కడుపు నిండింది కాబోలనుకున్నాను.

అతను చాలా తేలిగ్గా తీసుకున్నాడనుకున్నాను. ఆ సాయంత్రం సుజాతకి ఈ కథంతా గొప్పగా చెప్పాను. నిజం ఎవరో ఒకరు మొహం మీద చెప్పాలి, లేకపోతే ఈ మగవాళ్ళకి ఎప్పటికి తెలుస్తుంది అన్నాను. సుజాత నన్ను వింతగా చూసి, నువ్వెందుకక్కా చెప్పావు అంది. నీకు తెలియదులే అన్నాను. కుక్కరు రబ్బరు కొనుక్కోలేనిది నాకు చెప్పడమేమిటి అని లోపల అనుకున్నాను కూడా.

సోమవారం, కంపెనీ దగ్గర

మొదటిరోజు కదా, గేటు దాకా వెళ్ళి సంగమ్మని చూసి, ఆ తర్వాత హైదరాబాద్ బస్సెక్కుదామనుకున్నాను. ఏడున్నరకల్లా బస్‌స్టాపులో నిలబడ్డాను. ఒక బస్సు వచ్చింది, ఇంకోటి వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బాలతో ఆడవాళ్ళు దిగి గేట్లోకి వెళ్ళారు. సంగమ్మ దిగలేదు. ఎనిమిదింటికి నర్సింలు ఆటో వచ్చింది. అతను నన్ను చూసి ఆటో ఆపి, నమస్తే కూడా పెట్టకుండా, "నిన్న మీరు ఆడ ఏమన్నరు మేడం?" అన్నాడు.

చెప్పాను. విని ఇంజను ఆపేశాడు. తర్వాత తనకి తెలిసింది చెప్పాడు. నేను వచ్చేశాక విఠల్ అరవలేదు, కొట్టలేదు. వాకిట్లో కూర్చుని సంగమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడిగాడట. పెద్దదాని సంబంధం వద్దన్నది నేనా, నువ్వా? పత్తి ఆపింది నేనా, నువ్వా? ఎర్ర ఎద్దును అమ్మింది? బోరు వెయ్యొద్దన్నది? అన్నింటికీ సంగమ్మ, నువ్వే అన్నవు అనే అందట. అతను నమ్మలేదు. ఆఖర్న క్యాంటీన్ వద్దన్నాడు. నర్సింలుని గడప తొక్కొద్దన్నాడు. చెల్లెలి ఇంటికి పోయే దారి లేకుండా పోయిందని నర్సింలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను బస్సు సంగతి వదిలేసి అదే ఆటోలో ఊరికి వెళ్ళాను. నర్సింలు ఊరి బయటే దింపాడు.

మళ్ళీ ఆ వాకిట్లో

సంగమ్మ చేటలో అనుములు చెరుగుతోంది. నన్ను చూసి లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని నాకు అప్పుడు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. క్షమించమన్నాను. మెచ్చుకుందామనే అన్నానని చెప్పాను. నేను విఠల్‌తో మాట్లాడతాను, నచ్చజెబుతాను, ఉద్యోగం చెయ్యడం నీ హక్కు అన్నాను. ఆ మాట నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

ఆమె మళ్ళీ కూర్చుని చేట ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు మంచిగనే అన్నవక్కా, చెడ్డగ ఏం అనలే. నౌకరి పోతె పోయె. ఇగ ఎవ్వలొచ్చి ఏ ముచ్చట చెప్పినా, ఇది నువ్వే చెప్పిచ్చినవా అని నా దిక్కే చూస్తడు. వాన వస్తదని ఎవలన్న అన్నా నా దిక్కే చూస్తడు. చిన్నదాని కాలేజీ ముచ్చట ఎండకాలంల ఎత్తుదామనుకున్న. ఎవలతోటి ఎత్తియ్యాలె ఇగ?"

గుమ్మం వైపు చూశాను. ఆ పిల్ల బడికి పోయినట్టుంది, పుస్తకాల సంచి లేదు. నేను మాట్లాడతాను సంగమ్మా, ఒక్కసారి మాట్లాడనివ్వు అన్నాను.

"నువ్వు మాట్లాడుడు అయిపోయిందక్కా" అంది. అని మళ్ళీ అనుములు చెరగసాగింది.

ఇరవయ్యేడేళ్ళలో ఏ పిల్లా నన్ను అలా కూర్చోబెట్టలేదు.

తిరుగు దారి

ఇంతలో విఠల్ పొలం నుంచి వచ్చాడు. నన్ను చూసి ముఖం ముడుచుకోలేదు. ఎండలో నడుస్తారా మేడం, బండి మీద దింపుతా అన్నాడు. వద్దన్నా వినలేదు. ఇంట్లోకి వెళ్ళి ఒక సంచీ తెచ్చి హ్యాండిల్‌కి తగిలించాడు. సంగమ్మ గడప దాకా వచ్చి పోయిరా అక్కా అంది, అందరికీ చెప్పేలాగే.

దారికి రెండు వైపులా జొన్నచేలు కంకి మీదున్నాయి. సగం దారిలో అతను బండి నెమ్మది చేశాడు. వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"మేడం, చదువుకున్నోళ్లు మీరు, జర చెప్పుర్రి. ఇరవై రెండేండ్లల్ల నేను చెప్పిన అనుకున్నయి ఏవి నావి, ఏవి నావి గావు? ఊరందరికి ఎరుకుండె కావచ్చు. నాకే తెల్వదు."

అతని గొంతులో రోషం కన్నా అవమానం ఎక్కువ ఉంది. ఆ ప్రశ్న న్యాయమైందే. ఇంట్లో సూటిగా మాట్లాడే దారే లేకుండా చేసుకుని, తనకి ఎవరూ సూటిగా చెప్పలేదని బాధపడుతున్నాడు. అదే చెప్పబోయాను. ఇకనైనా ఆవిడకేం కావాలో ఆవిడనే అడగండి అన్నాను.

అడిగాడట. నిన్న అదంతా అయ్యాక, నీకేం కావాలో నువ్వే చెప్పు, నీ నోటితోటే చెప్పు అన్నాడట. నువ్వెట్లంటె అట్ల అందట ఆమె. ఎన్నిసార్లు అడిగినా అదే మాటట. "ఇగ నేనేం చెయ్యాలె మేడం? అన్ని నేనే చెప్త. ఎవ్వల మాట ఇనను" అన్నాడు.

ఆమె ఎందుకలా అందో నాకు తెలుసు. దొరికిపోయిన మనిషి ఇంకేమంటుంది? ఒక్కసారి అడిగినంత మాత్రాన ఇరవై రెండేళ్ళ భయం నోరు విప్పుతుందా? అదీ అతనికి చెప్పొచ్చు. కానీ నేను ఇంకో మాట అంటే అది ఇంకెక్కడికి పోయి ఎవరి నెత్తిన పడుతుందో అని నాకు భయం వేసింది. బతుకులో మొదటిసారి తప్పు వింటూ దిద్దకుండా కూర్చున్నాను, అదీ దిద్దాల్సిన చోట.

ఝరాసంగంలో బస్సు సిద్ధంగా ఉంది. విఠల్ బండి దిగి, హ్యాండిల్‌కున్న సంచి తీసి నా చేతికిచ్చాడు. ఇంటి అనుములు, మీ ఇంటోళ్లకు పెట్టుర్రి అన్నాడు. తీసుకోక తప్పలేదు. అప్పుడతను తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"మీరు చెప్పకపోతె నాకు జిందగీల తెలువకపోతుండె మేడం. ఇంట్ల ఏం నడుస్తుందో కండ్లు తెరిపిచ్చిన్రు. మీ మేలు మర్చిపోను" అన్నాడు.

ఎకసెక్కం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. బస్సులో వాళ్ళందరూ చూస్తున్నారు. నేను సంచి కింద పెట్టి, తిరిగి దండం పెట్టాను.